చలిగాలి దాహము

మన సీమలో కొయ్యవాద్యములకు వానకాలపు తేమ శత్రువు. అమెరికా ఉత్తరభాగమున గిటారునకు తేమలేమియే శత్రువు. అదియు మంచు కురియు దినములలో!

ఇది వింతగా తోపవచ్చును. కాని చల్లనిగాలి నీటియావిరిని ఎక్కువగా నిలుపుకొనజాలదు. సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనపు మీటరు గాలిలో సుమారు 5 గ్రాముల ఆవిరి మాత్రమే ఇముడును. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు. వెలుపలి చలిగాలి ఇంటిలోనికి వచ్చి వేడెక్కినప్పుడు దానికి దాహము పెరుగునుగాని ఆవిరి పెరుగదు. ఆ దాహమును తీర్చునది కొయ్యయే.

ఎండిన కొయ్య పొడవున దాదాపు తగ్గదు, వెడల్పున కుంచించుకొనును. గిటారు పైపలక మందము సుమారు 3 మిల్లీమీటర్లే. లోపలి అడ్డుబద్దలకు అంటింపబడియుండుటచే అది కుంచించుకొన వీలులేక చారవెంబడి చీలును. చీలిన పలకను అతికింపవచ్చును. మచ్చ మాత్రము పోదు. అంతకుముందే మెట్ల కొనలు వ్రేలికి గీచుకొనును. తెలిసిన వాదకుడు అప్పుడే మేల్కొనును.

ఉపాయము సులభము. గిటారును దాని పెట్టెలోనుంచి, ప్రక్కనే చిల్లులుగల సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పంజిని పెట్టవలెను. లోపలి గాలి ఇముడ్చుకొనగల ఆవిరిలో నూటికి 45 మొదలు 55 పాళ్లున్నచో చాలును. ఆర్ద్రతామాపకము దానిని తెలుపును. తడి మితిమీరినచో పలక ఉబ్బును, జిగురు వదలును. బొబ్బిలినుండి అచ్చటికేగిన పనసవీణకును ఈ కాపుదల అవసరమే.