ఆటవిమానము – అసలు విమానము

నాగార్జునసాగరమునుండి శిక్షణకై ఎగిరిన సెస్నా 152 విమానములను పరిసర గ్రామములవారు చూచియేయుందురు. ఇద్దరు కూర్చుండగల యీ చిన్న విమానమును నేడు పిల్లలు ఇంటనే, కంప్యూటరు తెరపై నడుపుచున్నారు.

మైక్రోసాఫ్టువారి 'ఫ్లయిట్ సిమ్యులేటర్' 1982లో వెలువడినపుడు అందలి నేల కొన్ని గీతలు మాత్రమే. 2020 నాటి ఆటలో భూగోళమంతయు గలదు. అదియు చాలక, ఇతరులు తయారుచేసిన విమానములను వేరుగా కొని ఇంటర్నెట్ ద్వారా దించుకొందురు. పైకి అన్నియు అందమైనవే; భేదమంతయు లోపలనే. కొన్ని బొమ్మలకొలువులోని రథములు. మరికొన్నింట బ్యాటరీ మీట వేయనిదే దీపము వెలుగదు. ఇంధనము కట్టివేసినచో ఇంజను ఆగును. రెక్కకు గాలి తగులు కోణము మితిమీరగా ఎత్తుదల తగ్గి విమానము ముక్కు వాల్చు తీరును నిజముగా చూపుట అన్నింటికంటె కష్టము.

'అచ్చముగా అసలే' యని అమ్మినపుడు ప్రతి మీటయు పనిచేయవలెనని కొన్నవాడు కోరుట న్యాయమేయని మా అభిప్రాయము. ఆటతోనే పైలట్ కావచ్చుననుట వేరు మాట. మనదేశమున వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరియుండవలెను. ఇంటి ఆట గంటలు అందు చేరవు. ఆటలో కూలినవాడు మీట నొక్కి మరల ఎగురును. 2022 ఫిబ్రవరి 26న సాగరమునుండి ఎగిరిన సెస్నా 152 పెద్దవూర మండలమున కూలి, శిక్షణ పొందుచున్న యువతి మరణించినది.

అయినను పరికరములను చదువుట, తనిఖీపట్టికను వరుస తప్పక చూచుట ఇంటనే అలవడగలవు. కొనుటకు ముందు ఆ విమానమునకు వివరణపుస్తకము గలదో లేదో విచారింపుడు.