రివర్స్ గేరేస్తే... వెనకంతా తెరమీదే!

బంపరు వెనకాల ఆడుకునే బుడతడు అద్దంలో కనిపించడు. అందుకే అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకు వెనక కెమెరా తప్పనిసరి. మన దగ్గర 2019 జులైలో సెన్సర్లతో సరిపెట్టారు. మరి ఇంట్లోని పాత కారు సంగతి? కాస్త ఓపికుంటే స్టీరియో, కెమెరా మీరే బిగించుకోవచ్చు.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేయండి. కారు తీగల్ని కోయొద్దు, మోడల్‌కి సరిపడే కప్లర్ కొనుక్కోండి. స్టీరియో పసుపు తీగకి ఎప్పుడూ కరెంటు అందాలి, ఎరుపుకి తాళం తిప్పినప్పుడే. రెండూ తారుమారైతే కారు ఆపినప్పుడల్లా సెట్టింగులు మాయం!

అసలు కుస్తీ కెమెరాతోనే. దాని ఎరుపు తీగ రివర్స్ లైటు పాజిటివ్‌కి, నలుపు బాడీకి కలపాలి. వీడియో కేబుల్‌ని డిక్కీ నుంచి డోర్ల కింది పట్టీల లోపలగా డ్యాష్‌బోర్డు దాకా లాగాలి. సగం రోజు దీనికే! కేబుల్ వెంట ఉండే సన్నతీగని రివర్స్ లైటు నుంచి స్టీరియో 'రివర్స్' తీగకి కలిపితేనే గేరు వేయగానే బొమ్మ వస్తుంది. దారిలో పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కప్లర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు.

బ్యాటరీ తీగ మళ్లీ బిగించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి రివర్స్ గేరు వేయండి. కారు వెనక ఎడమవైపు పెట్టిన బకెట్ తెరమీదా ఎడమవైపే కనిపించాలి. కుడివైపు కనిపిస్తే 'మిర్రర్' సెట్టింగు మార్చేదాకా కారు కదపొద్దు.