చిత్రములో నొప్పి కనిపించునా?

నడుము నొప్పి రాగానే ఎం.ఆర్.ఐ. తీయించుకొనవలెనని పలువురు తొందరపడుదురు. వెన్నుపూసల నడుమ మెత్తవలె అమరియున్న డిస్కు ఆ చిత్రములో కొంచెము ఉబ్బి కనిపించినచో, నొప్పికి కారణము దొరికినదని నమ్ముదురు. ఇది ఎంతవరకు నిజము?

1994 లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఇట్టి చిత్రములు తీసి చూచిరి. నూటికి 52 మందిలో ఒక్క డిస్కయినను ఉబ్బి ఉండెను! 2015 లో వెలువడిన ఒక సమీక్షను బట్టి, నొప్పి లేనివారిలోనే డిస్కుల అరుగుదల 20 ఏండ్ల వయస్సున నూటికి 37 మందికి, 80 ఏండ్ల వయస్సున 96 మందికి కలదు. తల నెరసినట్లే డిస్కులును వయస్సుతో మారును.

చిత్రము ఆకారమును చూపును, నొప్పిని చూపదు. నాడులు తెచ్చు వార్తను వెన్నుపాము హెచ్చింపను, తగ్గింపను గలదని 1965 లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. నిద్రలేమి, భయము కూడ నొప్పిని పెంచగలవు.

అట్లని చిత్రములు వ్యర్థములు కావు. ఎముక విరిగినదని అనుమానము కలిగినను, కాలి బలము తగ్గుచున్నను, మూత్రము పట్టు తప్పినను ఆలస్యము చేయరాదు. తక్కిన వేళల రోగి మాటతోను, దేహపరీక్షతోను సరిచూచిన పిమ్మటనే చిత్రమునకు అర్థము చెప్పవలెను. "మీ డిస్కు చెడినది" అను ఒక్క మాటకు బెదరి రోగి కదలుట మానినచో, తగ్గవలసిన నొప్పియే నిలిచిపోవచ్చును.