చీములో ద్రాక్షగుత్తులు

"చీము కళ్లకు కనుపిస్తూనే ఉందిగా, రిపోర్టుకు రెండు రోజులెందుకండీ?" అని మా లేబరేటరీ కిటికీ దగ్గర విసుక్కోనివారు తక్కువ. ఇంట్లో పిల్లవాడు సెగగడ్డతో మూలుగుతూంటే ఎవరికైనా రెండు రోజులు రెండు యుగాలే. ఆ రెండు రోజులూ లోపల మేము చేసే పని ఏమిటో చెబుతాను.

చీమును గాజుపలక మీద పలుచగా పూసి, డెన్మార్కు డాక్టరు గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతిలో రంగులు వేసి మైక్రోస్కోపు కింద పెడతాము. ఊదారంగు బిందువులు గుత్తులు గుత్తులుగా కనుపిస్తాయి. అబర్డీన్ నగరపు సర్జన్ ఆగ్‌స్టన్ 1882లో వీటికి "స్టెఫిలోకాకస్" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో "స్టెఫిలే" అంటే ద్రాక్షగుత్తి.

చిక్కంతా ఆ తరువాతనే. మన చర్మం మీద ఊరికే కాపురముండే సాధుజాతులది కూడా ఇదే రూపం. జ్వరపడ్డ మనిషి రక్తంలో ఈ గుత్తులు పెరిగాయనుకోండి. సూది గుచ్చినప్పుడు చర్మం మీదినుంచి వచ్చిపడ్డవా, లేక ప్రాణం మీదికి తెచ్చే ఆరియస్ జాతివా? చూపుతో తేలదు. అందుకే రక్తం కలిపిన అగర్ పళ్లెంలో, 37 డిగ్రీల వెచ్చదనంలో ఒక రాత్రి పెంచుతాము. "ఆరియస్" అంటే బంగారువన్నెది. కాని రంగును నేను నమ్మను. తెల్లగా పెరిగే ఆరియస్‌లూ ఉన్నాయి.

హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలో కలిపితే బుసబుస నురగ వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అయితే నురగ రాదు. అసలు పరీక్ష కొయాగ్యులేజ్. కుందేలు రక్తంనుంచి తీసిన ప్లాస్మాలో ఈ క్రిములను కలిపి వెచ్చగా ఉంచితే, తోడువేసిన పాలలాగా పేరుకుంటుంది. గొట్టం వంచినా జారదు. అలా పేరుకుంటే ఆరియస్సే అనుకోవచ్చు. అయితే నాలుగు గంటలకు తప్పక చూడాలి. కొన్ని ఆరియస్‌లు తాము కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి! మర్నాడు మాత్రమే చూసినవాడికి నీళ్లే కనుపించి, దొంగ దొరగా చలామణీ అవుతాడు. నాలుగు గంటలకు పేరుకోకపోతే మర్నాటిదాకా ఉంచి మళ్లీ చూస్తాము.

ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో మాల్డిటాఫ్ అనే యంత్రం ఈ పేరును నిమిషాల్లో చెబుతుంది. మంచిదే. కాని సాధారణంగా దానికి కూడా ముందుగా క్రిమిని పెంచి ఇవ్వాలి.

పేరు తెలిసినంత మాత్రాన వైద్యం కాదు. పెనిసిలిన్‌ను ఎదిరించే స్టెఫిలోకాకస్‌ల కోసం 1959లో మెథిసిలిన్ వచ్చింది. 1961కల్లా దాన్నీ ఎదిరించే జాతి ఇంగ్లండులో బయటపడింది. అందుకని క్రిములను పళ్లెమంతా పరచి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టి మరో రాత్రి ఉంచుతాము. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు పెరగని వలయం ఏర్పడుతుంది. సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ అది 21 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే, పెనిసిలిన్ వంశపు మందులు చాలావరకు ఆ రోగికి పనికిరావు. స్కేలు పెట్టి ఆ వలయాన్ని కొలిచిన తరువాతనే నేను రిపోర్టు మీద సంతకం చేస్తాను.

ఇంటినుంచే ఏదో యాంటిబయాటిక్ మింగి వచ్చినవారి చీములో ఒక్కొక్కప్పుడు ఏదీ పెరగదు. మందు మొదలుపెట్టక ముందే చీము ఇచ్చి వెళ్లండి.