కరెంటు మాండొలిన్‌కు ఆరిపోని గిటారు తోడు

కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరం విన్న ప్రకాశం జిల్లా వారికి గమకమంటే వేరే చెప్పనక్కర లేదు. ఊపిరి ఉన్నంతసేపూ స్వరాన్ని సాగదీయవచ్చు, ఊపవచ్చు. మాండొలిన్‌కు ఆ భాగ్యం లేదు. మీటగానే మోగి ఆరిపోతుంది. కర్ణాటక కచేరీకి అదేం పనికొస్తుందని పెదవి విరిచిన వారు లేకపోలేదు.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ వాద్యంతోనే 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు బిగించి, కరెంటు కలిపి, గమకం పలికించారు.

1995లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన 'డ్రీమ్' ఆల్బమ్‌లో ఆయనకు జోడీ కెనడా దేశస్థుడు మైకేల్ బ్రూక్. మీటిన స్వరం ఆరిపోకుండా మోగుతూనే ఉండే 'ఇన్ఫినిట్ గిటారు' బ్రూక్ రూపొందించుకున్నదే. మాండొలిన్‌కు లోటేదో సరిగ్గా అదే అక్కడ ఉంది! ఆ సాగే నాదం పొగమంచులా పరచుకోగా దానిపై రాగం కదులుతుంది. పెద్ద హోటళ్లలో మెల్లగా వినిపించే ఎలక్ట్రానిక్ సంగీతానికి ఇది దగ్గరి చుట్టమే. సభా మర్యాదలు వెతికేవారికి రుచించకపోవచ్చు. గమకం మాత్రం చెక్కుచెదరలేదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన తమ్ముడు రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే.