సరుకు వేరు, ముస్తాబు వేరు

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక చీరల కొట్టు ఉందనుకుందాం. దసరా ముందు యజమాని గోడలకు రంగు వేయించి, బోర్డు మార్పిస్తాడు. అందుకని అలమరల్లోని చీరలన్నీ కిందికి దించి ధరలు మళ్లీ రాసుకోడు. సరుకు వేరు, ముస్తాబు వేరు.

ఆన్‌లైన్ కొట్టుకీ ఇదే సూత్రం. చీర పేరు, ధర, ఫొటో హెచ్‌టీఎంఎల్‌లో ఉంటాయి. అవి ఏ రంగులో, ఏ సైజులో, ఎంత ఎడంతో కనిపించాలో చెప్పేది సీఎస్ఎస్ అనే స్టైల్ షీట్. ఈ ఆలోచనను 1994లో నార్వేకు చెందిన హోకోన్ వియుమ్ లీ ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో అది వెబ్ ప్రమాణమైంది.

స్టైల్ షీట్‌లో ప్రతి ఆదేశానికీ మూడు ముక్కలు: ఎవరికి, ఏది, ఎంత. 'సరుకు పేరుకి, అక్షరం రంగు, కుంకుమ' అన్నట్టు. ఈ ఒక్క వరస రాస్తే కొట్టులోని వెయ్యి చీరల పేర్లూ ఒకేసారి కుంకుమ రంగుకు మారతాయి.

ఒకే వస్తువుకి రెండు ఆదేశాలుంటే? రెండింటి బలం సమానమైతే కింద రాసినదే చెల్లుతుంది. గురి సూటిగా ఉన్నదానికి బలమెక్కువ. 'అన్ని బటన్లకి' అనే ఆదేశం కంటే 'కొనండి బటన్‌కి' అన్నది నెగ్గుతుంది. మీరు రాసిన మార్పు పారలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

మార్పులను థీమ్, అంటే కొట్టుకి దొరికే రెడీమేడ్ ముస్తాబు, అసలు ఫైల్లో మాత్రం రాయకండి. థీమ్ అప్‌డేట్ కాగానే అవి తుడిచిపెట్టుకుపోతాయి. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన కొట్టయితే అసలు థీమ్‌కి అనుబంధంగా ఉండే చైల్డ్ థీమ్‌లో గానీ, అదనపు సీఎస్ఎస్ కోసం ఇచ్చిన పెట్టెలో గానీ రాయాలి.

తెలుగు కొట్టుకి అసలు చిక్కు అక్షరం దగ్గర వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసిన థీముల్లో శీర్షికలకి వరస ఎత్తు, అంటే లైన్ హైట్, తరచు 1.2 దగ్గర ఉంటుంది. 16 పిక్సెళ్ల అక్షరానికి దక్కేది 19 పిక్సెళ్ల చోటు. 'వరలక్ష్మీ వ్రతం చీరలు' అని రాసి చూడండి. 'క్ష్మీ'కి పైన గుడి దీర్ఘం, కింద మకారం వత్తు. పేరు రెండు వరసలైతే పై వత్తు కింది గుడికి తగులుతుంది. ఇరుకు బటన్‌లోనైతే వత్తు అంచు దగ్గర తెగిపోతుంది. వరస ఎత్తును 1.7 చేస్తే 27 పిక్సెళ్లు వస్తాయి, అక్షరానికి ఊపిరాడుతుంది. థీమ్ అక్షరాల మధ్య అదనపు ఎడం పెట్టి ఉంటే దాన్ని సున్నా చేయండి. విడివిడిగా నిలబడితే ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అందం, తెలుగు మాటకు మాత్రం అతుకుల బొంత వాలకం వస్తుంది.

ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, మల్లన్న, ఎన్టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. లావుపాటి రామభద్ర బోర్డుకి బాగుంటుంది. వివరాలు చదివించడానికి మండలి హాయి. రెండుకు మించి వాడకండి. ప్రతి ఫాంటూ కొనేవాళ్ల ఫోన్‌లోకి దిగాల్సిన బరువే. ఫాంట్ల వరసలో చివర ఒక మామూలు ఫాంట్ పేరు కూడా ఉంచితే, మొదటిది అందకపోయినా కొట్టు మూతపడదు.

ఒక హెచ్చరిక. సీఎస్ఎస్‌తో ధరను కంటికి కనపడకుండా చేయొచ్చు గానీ పేజీలోంచి తీసేయలేం. వెతికేవాడికి అది దొరుకుతుంది. అమ్ముడైపోయిన చీరను సరుకు జాబితాలోనే తీసేయాలి, ముస్తాబుతో కప్పిపెట్టకూడదు.

రంగుల ఎంపికకు కూర్చునే ముందు మీ కొట్టును ఒక మామూలు ఫోన్‌లో తెరవండి. 'లక్ష్మీ' కింద వత్తు నిండుగా కనిపిస్తోందా? కనిపించాకే కుంకుమా పసుపూ.