మీకు తెలుసా? కడ్డీ మీది గుర్తే బొమ్మ మీదా!

ఇల్లు కట్టేటప్పుడు ఇనుపకడ్డీ మీద ఐఎస్ఐ గుర్తు చూడకుండా కొనేవాళ్లు భిలాయిలో అరుదు. ఉక్కు కర్మాగారం నీడన పెరిగిన మన తెలుగు కుటుంబాలకైతే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మరి, 2021 జనవరి 1 నుంచి అదే గుర్తు పిల్లల బొమ్మలకూ తప్పనిసరి అయిందని మీకు తెలుసా? 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలన్నీ దీని కిందికే వస్తాయి. మామూలు బొమ్మ మీద ఐఎస్ 9873 అని, బ్యాటరీతోనో కరెంటుతోనో నడిచేదాని మీద ఐఎస్ 15644 అని ఉండాలి. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

ఏటికొప్పాక లక్కబొమ్మల మీద ఆ గుర్తు లేదని కంగారు పడకండి. భౌగోళిక గుర్తింపు పొందిన చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఉంది. ఏటికొప్పాకకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది. అంకుడు కర్ర, లక్క, చెట్టూచేమల నుంచి తీసిన రంగులు... చూడముచ్చటైన పనితనం. కానీ ఊరి నుంచి ముచ్చటపడి తెచ్చే లక్కపిడతల్లోని బుల్లి గిన్నెలు, మూతలు ఏడాది పిల్లవాడికి ప్రమాదమే. రంగు మంచిదైనంత మాత్రాన ముక్క పెద్దదైపోదు కదా!

ఎంత చిన్నదైతే ప్రమాదం? పరీక్షశాలల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక చిన్న గొట్టం వాడతారు. నొక్కకుండానే అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలో ఉండకూడదు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లే!

క్రెష్‌లలో, అంగన్‌వాడీల్లో అసలు చిక్కు ఇక్కడే. అక్కడ ఏడాది పిల్లలూ అయిదేళ్ల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. పెద్దపిల్ల ఆడి వదిలేసిన పూస, పక్కనే పాకుతున్న చంటివాడి నోట్లోకి పోవడానికి క్షణం చాలు. అందుకే వయసును బట్టి బొమ్మల పెట్టెలు వేరుగా ఉండాలి. పెద్దపిల్లల పెట్టె చిన్నవాళ్లకు అందని ఎత్తులో ఉండాలి. నోట్లో పెట్టుకున్న బొమ్మను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాకే ఇంకో బిడ్డకు ఇవ్వాలి. కర్రబొమ్మను మాత్రం నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా భయపడాల్సింది బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీకి. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలదు. బ్యాటరీ గడికి స్క్రూ బిగించి ఉందో లేదో రోజూ చూడండి. పిల్లవాడు దాన్ని మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.